వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కీ స్టార్ రేటింగ్ ఉంటుంది.. అది తక్కువైతే నష్టం ఎవరికి?

ఏసీ కొనాలంటే 3 స్టారా, 5 స్టారా అని నాలుగు షాపులు తిరుగుతాం. ఫ్రిజ్ మీద స్టిక్కర్ కూడా వదలకుండా చదువుతాం. మరి ఆ రెండింటికీ కరెంటు ఇచ్చే వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని స్టార్లదో ఎప్పుడైనా చూశారా? దానికీ రేటింగ్ ఉంది. మన దేశంలో 2010 జనవరి నుంచి అది తప్పనిసరి కూడా.

నిజానికి ఏసీ కంటే దీనికే స్టార్లు ఎక్కువ అవసరం. ఏసీ వేసవిలో నాలుగు నెలలు, అది కూడా రాత్రిపూట నడుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు సెలవు లేదు. 24 గంటలూ, 365 రోజులూ లైన్‌లోనే ఉంటుంది. ఒకసారి దిమ్మె మీదకు ఎక్కిందంటే 25 ఏళ్లు పనిచేయాలని లెక్క. కొన్న రోజున చేసిన పొదుపో, తప్పో పాతికేళ్లు వెంటాడుతుంది.

ఆ జుయ్‌మనే శబ్దం వెనుక కథ

ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడితే జుయ్‌మని సన్నగా మోత వినిపిస్తుంది కదా. ఊరంతా పడుకుని, ఒక్క మోటారూ నడవని వేళ కూడా ఆ మోత ఆగదు. లోపల పలుచటి ఉక్కు రేకులతో పేర్చిన కోర్ ఉంటుంది. కరెంటు దిశ సెకనుకు 50 సార్లు అటూ ఇటూ తిరుగుతుంటే, ఆ రేకుల్లో అయస్కాంతం పుడుతూ, తిరగబడుతూ ఉంటుంది. దానికి కొంత కరెంటు ఖర్చవుతుంది. మనం వాడినా వాడకపోయినా ఈ ఖర్చు ఒకేలా ఉంటుంది. దీన్నే నో లోడ్ లాస్ అంటారు. లైన్‌మన్‌లు, ఇంజినీర్లు ఐరన్ లాస్ అని కూడా అంటారు.

రెండో నష్టం తీగ చుట్టల్లో. కరెంటు పారేకొద్దీ తీగ వేడెక్కుతుంది. ఇది లోడ్ లాస్, వాడుక మాటలో కాపర్ లాస్. దీని స్వభావమే వేరు. లోడ్ రెట్టింపైతే ఈ లాస్ రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. సగం లోడ్ మీద నడిస్తే పూర్తి లోడ్ లాస్‌లో పావు వంతే పోతుంది. 120 శాతం లోడ్ వేస్తే లాస్ 144 శాతానికి ఎగబాకుతుంది. ఎండాకాలం సాయంత్రం ట్రాన్స్‌ఫార్మర్లు ఎందుకు పేలతాయో ఈ ఒక్క లెక్కలోనే చాలావరకు ఉంది.

స్టార్ రేటింగ్ అంటే ఈ రెండు నష్టాలకూ కలిపి గీసిన గీత. ట్రాన్స్‌ఫార్మర్‌ను సగం లోడ్ మీద, పూర్తి లోడ్ మీద పరీక్షించి, మొత్తం ఎన్ని వాట్లు పోతున్నాయో చూస్తారు. తక్కువ పోతే ఎక్కువ స్టార్లు.

అసలు నంబర్లు చూద్దాం

పల్లెల్లో ఎక్కువగా కనిపించే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌నే తీసుకుందాం. పాత పద్ధతిలో కొన్న దానికి నో లోడ్ లాస్ 260 వాట్లు, పూర్తి లోడ్ మీద లోడ్ లాస్ 1,760 వాట్లు. అంటే సగం లోడ్ మీద మొత్తం 700 వాట్లు, పూర్తి లోడ్ మీద 2,020 వాట్లు గాలిలో కలిసిపోయేవి. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, అంటే బీఈఈ, మొదట్లో గీసిన పట్టికలో దీనికి దక్కింది 1 స్టార్. అదే పట్టికలో 3 స్టార్‌కు 520, 1,800 వాట్లు. 5 స్టార్‌కు 435, 1,500 వాట్లు.

వాట్లలో చూస్తే పెద్ద తేడా అనిపించదు. యూనిట్లలోకి మారుద్దాం. రోజంతా సగం లోడ్ మీద నడుస్తుందనుకుంటే పాత ట్రాన్స్‌ఫార్మర్ ఏడాదికి 6,132 యూనిట్లు తినేస్తుంది. 435 వాట్లది 3,811 యూనిట్లతో సరిపెట్టుకుంటుంది. తేడా 2,321 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు అనుకుంటే ఏడాదికి దాదాపు 14 వేలు, పాతికేళ్లకు మూడున్నర లక్షలు. ఇది ఒక్క దిమ్మె లెక్క. మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటివి లక్షల్లో ఉన్నాయి.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. పాత 100 కేవీఏ కోర్‌లో పోయే 260 వాట్లు ఒక్కటే ఏడాదికి 2,277 యూనిట్లు. అంటే నెలకు 190 యూనిట్లు. ఒక మధ్యతరగతి ఇంటికి నెలంతా సరిపోయే కరెంటు అది. ఎవరి ఇంట్లోనూ బల్బు వెలగదు, ఎవరి పొలానికీ నీరు పారదు. అయినా ఖర్చయిపోతుంది.

స్టార్ నుంచి లెవెల్ దాకా

ఎనర్జీ కన్జర్వేషన్ చట్టం 2001లో వచ్చింది. దాని కింద 2002 మార్చిలో బీఈఈ ఏర్పడింది. ఏసీ, ఫ్రిజ్‌ల మీద స్టిక్కర్లు వేసేది వీళ్లే. 16 కేవీఏ నుంచి 200 కేవీఏ దాకా డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్లకూ స్టార్లు పెట్టారు.

ఆ తర్వాత బీఐఎస్ రంగంలోకి దిగింది. ట్రాన్స్‌ఫార్మర్లకు ఐఎస్ 1180 అనే ప్రమాణం ఎప్పటి నుంచో ఉంది. 2014లో దాన్ని తిరగరాసి 2,500 కేవీఏ, 33 కేవీ వరకు విస్తరించారు. మూడు ఎనర్జీ లెవెల్స్ పెట్టారు. 100 కేవీఏకి లెవెల్ 1 అంటే సగం లోడ్ మీద 520 వాట్లు, లెవెల్ 2 అంటే 475, లెవెల్ 3 అంటే 435. గమనించారా? లెవెల్ 1 అంటే పాత 3 స్టారే. అంటే అప్పటిదాకా నడిచిన 1 స్టార్, 2 స్టార్ సరుకు కొత్త ప్రమాణం కింద అసలు ప్రమాణమే కాదు. 2015లో కేంద్రం క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ తెచ్చి ఐఎస్ఐ మార్కు లేని ట్రాన్స్‌ఫార్మర్ అమ్మకానికి పనికిరాదని తేల్చేసింది.

ఇక్కడే ఓ తిరకాసు. బీఈఈ తన స్టార్ పట్టికను కూడా తర్వాత బిగించింది. అందుకే 2012లో తయారైన 3 స్టార్, ఇప్పుడు తయారయ్యే 3 స్టార్ ఒకటి కావు. ఏసీల విషయంలోనూ ఇదే జరుగుతుంది. కాబట్టి స్టార్ల సంఖ్య కంటే ప్లేట్ మీద ఉన్న వాట్ల సంఖ్యను నమ్మడం మేలు.

మన పట్టికలో ఓ లోటు కూడా ఉంది. యూరప్‌లో 2015 జూలై నుంచి ఒక దశ, 2021 జూలై నుంచి రెండో దశగా కఠిన నిబంధనలు వచ్చాయి. అక్కడ 100 కేవీఏకి ఇప్పుడు నో లోడ్ లాస్ 130 వాట్లు, లోడ్ లాస్ 1,250 వాట్లు దాటకూడదు. సగం లోడ్ మీద కూడితే 442 వాట్లు వస్తుంది. మన లెవెల్ 3 దీనికి ఏమాత్రం తీసిపోదు. కానీ యూరప్ రెండు లాస్‌లకూ విడివిడిగా గీత గీసింది. మన ప్రమాణం రెండూ కలిపి మొత్తం చూస్తుంది. దీంతో కోర్‌లో కాస్త ఎక్కువ, తీగలో కాస్త తక్కువగానో, లేదంటే అటుదిటుగానో సర్దుకునే వెసులుబాటు తయారీదారుకు దొరుకుతుంది. టెండర్ రాసే ఇంజినీర్ జాగ్రత్తపడకపోతే, ఎప్పుడూ ఖాళీగా మోగే చోటుకి కోర్ లాస్ ఎక్కువున్న సరుకు వచ్చి కూర్చుంటుంది.

పొలం దగ్గర లెక్క మారుతుంది

ఖాళీగా మోగే చోటు అంటే మన దగ్గర మొదట గుర్తొచ్చేది వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో రైతులకు ఉచిత విద్యుత్ మొదలైంది. రాష్ట్ర విభజన తర్వాత దారులు వేరయ్యాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా ప్రకటించారు. ఏపీలో పగటిపూట 9 గంటల విధానం వచ్చింది.

ఇది రాజకీయ చర్చగానే మనకు తెలుసు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు నుంచి చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. ప్రత్యేక వ్యవసాయ ఫీడర్‌కు 9 గంటలే సరఫరా ఇచ్చి మిగతా 15 గంటలు లైన్ ఆపితే ఆ సేపు కోర్ లాస్ సున్నా. పాత 100 కేవీఏ మీద ఏడాదికి 1,400 యూనిట్లకు పైగా మిగిలినట్టే. 24 గంటలూ లైన్ ఉన్న చోట మోటార్లు నడిచినా నడవకపోయినా ఈ లాస్ తప్పదు. 24 గంటల సరఫరా తప్పని దీని అర్థం కాదు. రైతు రాత్రి పూట పాముల మధ్య పొలానికి వెళ్లే బాధ తప్పడం చిన్న విషయం కాదు. కానీ 24 గంటల సరఫరా ఇచ్చే చోట నో లోడ్ లాస్ తక్కువున్న ట్రాన్స్‌ఫార్మర్‌నే కొనాలి. ఈ రెండు నిర్ణయాలూ జంటగా నడవాలి.

హెచ్‌వీడీఎస్ గురించి కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, అక్కడి నుంచి పొడవాటి ఎల్‌టీ లైన్లు లాగి 15, 20 మోటార్లకు కరెంటు ఇచ్చేవారు. చివరి మోటారుకు లో ఓల్టేజీ, మధ్యలో కొక్కేలు. దాని బదులు 11 కేవీ లైన్‌నే పొలం దాకా తీసుకెళ్లి, రెండు మూడు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడమే హెచ్‌వీడీఎస్. మన డిస్కంలు ఈ పని పెద్ద ఎత్తున చేశాయి.

లైన్ నష్టం ఇందులో బాగా తగ్గుతుంది. 415 ఓల్టుల బదులు 11,000 ఓల్టుల మీద అదే పవర్ పంపితే తీగలో కరెంటు 26 వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది. అదే తీగ అయితే నష్టం దాదాపు 700 వంతుల్లో ఒక వంతు. కానీ ట్రాన్స్‌ఫార్మర్ల సంఖ్య పెరుగుతుంది. ఒక 100 కేవీఏ స్థానంలో ఆరు 16 కేవీఏలు పెట్టారనుకోండి. లెవెల్ 1 లెక్కన ఒక్కోదానికి సగం లోడ్ మీద 150 వాట్లు, మొత్తం 900 వాట్లు. 100 కేవీఏ ఒక్కటే ఉంటే 520. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో నష్టం నిష్పత్తి ఎప్పుడూ ఎక్కువే. లైన్‌లో మిగిలే దానితో పోలిస్తే ఇది తక్కువే కాబట్టి హెచ్‌వీడీఎస్ లాభమే. అయితే ఆ ఆరింటికీ మంచి లెవెల్ ఎంచుకుంటేనే లాభం పూర్తిగా చేతికొస్తుంది. లెవెల్ 3 పెడితే ఆ 900 వాట్లు 720కి దిగుతుంది.

ఉక్కు మారితేనే కోర్ లాస్ తగ్గేది

కోర్ లాస్ తగ్గాలంటే కోర్‌లో వాడే ఉక్కు మారాలి. ఇప్పుడు ఎక్కువగా వాడేది సీఆర్‌జీఓ అనే ప్రత్యేక ఉక్కు. రేకు మందం పావు మిల్లీమీటర్ అటూ ఇటుగా ఉంటుంది. దీనికి మనం చాలావరకు దిగుమతుల మీదే ఆధారపడుతున్నాం. ఖరీదైనది కావడంతో విదేశాల్లో పాత ట్రాన్స్‌ఫార్మర్లు విప్పిన స్క్రాప్ రేకులు కూడా ఇక్కడి మార్కెట్లోకి వచ్చేవి. పాత రేకులు కత్తిరించి పేర్చిన కోర్ పైకి కొత్తదానిలాగే కనిపిస్తుంది. లాస్ కొలిచినప్పుడే గుట్టు బయటపడుతుంది.

రెండోది అమార్ఫస్ కోర్. ఇది వెంట్రుక కంటే సన్నటి రిబ్బన్, మందం మిల్లీమీటర్‌లో 40వ వంతు మాత్రమే. కరిగిన లోహాన్ని క్షణంలో చల్లబరచడంతో లోపల స్ఫటికాలు ఏర్పడవు. అయస్కాంతం తిరగబడటం తేలిక. కోర్ లాస్ మామూలు ఉక్కుతో పోలిస్తే 70 శాతం దాకా తగ్గుతుంది. అయితే ధర, సైజు ఎక్కువ. రిబ్బన్ పెళుసు కావడంతో రిపేరు కష్టం.

ఈ ఉక్కు ఎంపిక అమెరికాలోనూ పెద్ద గొడవైంది. 2023 జనవరిలో అక్కడి ఇంధన శాఖ తెచ్చిన ప్రతిపాదన ప్రకారం దాదాపు అన్ని కొత్త ట్రాన్స్‌ఫార్మర్లూ అమార్ఫస్ కోర్‌కు మారాల్సి వచ్చేది. అప్పటికే అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ల కొరత. కరెంటు కంపెనీలు, ఉక్కు కార్మికులు, పార్లమెంటు సభ్యులు అందరూ ఎదురుతిరిగారు. 2024 ఏప్రిల్ తుది నిబంధనలో ప్రభుత్వం వెనక్కి తగ్గి, మార్కెట్లో దాదాపు మూడొంతులు పాత రకం ఉక్కుతోనే కొనసాగేలా సర్దుబాటు చేసింది. అమలు గడువు 2029కి వెళ్లింది. గీత గీయడం తేలికే. ఆ గీతకు సరిపడా ఉక్కు దొరకాలిగా మరి!

కాలిపోయి తిరిగొచ్చాక ఎన్ని స్టార్లు?

అసలు చిక్కు ఇక్కడుంది. ప్రమాణం, పరీక్ష, స్టార్, ఐఎస్ఐ మార్కు ఇవన్నీ ఫ్యాక్టరీ గేటు దాకే. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, రిపేరు షెడ్‌కు వెళ్లి, కొత్త కాయిల్ చుట్టించుకుని తిరిగొచ్చాక పరిస్థితి ఏంటి? స్టిక్కర్ అదే ఉంటుంది. లోపల తీగ మందం మారి ఉండొచ్చు. కోర్ విప్పి బిగించేటప్పుడు రేకుల మధ్య సందులు పెరిగి ఉండొచ్చు. దెబ్బ తిన్న రేకులో లాస్ పెరుగుతుంది. రెండు మూడుసార్లు రివైండింగ్ అయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 5 స్టార్ అని పిలవడం కాగితం మీద మాటే. రిపేరు తర్వాత ఓల్టేజీ వస్తోందా లేదా అన్నదే చూసి లైన్‌లో పెట్టేస్తే ఎన్ని వాట్లు పోతున్నాయో ఎవరికీ తెలియదు. ప్రతి రిపేరు తర్వాత నో లోడ్, లోడ్ లాస్ కొలిచి ప్లేట్ మీద రాయాలన్న నిబంధన పెట్టి, దాన్ని గట్టిగా అమలు చేస్తే చాలా సంగతులు వెలుగులోకి వస్తాయి.

ఇంతకీ ఎందుకు కాలిపోతున్నాయి? ఓవర్‌లోడ్ ఒక కారణం. ఆటో స్టార్టర్లు ఇంకో కారణం. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. మోటారు లేచేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. పదిహేను మోటార్లు ఒకే క్షణంలో లాగితే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే దెబ్బ ఊహించుకోండి. తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలుపెట్టే ముందు ఆటో స్టార్టర్లు తీసేయాలని ప్రత్యేకంగా ప్రచారం చేసింది అందుకే.

కెపాసిటర్ సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. మోటారు దగ్గర కెపాసిటర్ లేకపోతే పవర్ ఫ్యాక్టర్ పడిపోతుంది. అది 0.75 నుంచి 0.95కి పెరిగితే అదే పనికి కరెంటు 21 శాతం తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లోడ్ లాస్ 38 శాతం తగ్గుతుంది. ఒక లెవెల్ నుంచి ఇంకో లెవెల్‌కు మారినా ఇంత లాభం రాదు! ఉచిత విద్యుత్ షరతుల్లో కెపాసిటర్, ఐఎస్ఐ మోటారు, ఘర్షణ లేని ఫుట్ వాల్వ్, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపులు పెట్టుకోవాలని మొదటి నుంచీ ఉంది. పొలాల్లో తిరిగితే ఎన్ని మోటార్లకు కెపాసిటర్ కనిపిస్తుందో మీరే చూడండి.

కాలిపోయినప్పుడు రైతుకు జరిగే నష్టం వేరు. చందాలు వేసుకుని, ట్రాక్టర్ మాట్లాడుకుని ట్రాన్స్‌ఫార్మర్‌ను షెడ్‌కు మోసుకెళ్లే రైతులు ఇప్పటికీ కనిపిస్తారు. నిజానికి అది డిస్కం పని. ఈఆర్‌సీ సేవా ప్రమాణాల ప్రకారం పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలి. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోండి. గడువు ఎప్పటి నుంచి మొదలైందో చెప్పే సాక్ష్యం అదే.

ఆ నష్టం ఎవరి జేబులోంచి?

ట్రాన్స్‌ఫార్మర్ నష్టం మీ మీటర్‌లో నమోదు కాదు. మీటర్ దాటక ముందే పోతుంది. అలాగని డిస్కం ఒక్కటే భరిస్తుందని కాదు. ఈఆర్‌సీ ఆమోదించిన మేర నష్టాలు టారిఫ్ లెక్కలోకి చేరతాయి. 100 యూనిట్లు కొని 90 అమ్మితే ఆ 10 యూనిట్ల ఖర్చు 90 యూనిట్ల ధరలో కలుస్తుంది. ఉచిత విద్యుత్ వాటా ప్రభుత్వ సబ్సిడీగా, అంటే పన్నుల డబ్బుగా వెళ్తుంది.

కొందరికి మాత్రం ఈ నష్టం నేరుగా బిల్లులోనే పడుతుంది. సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రైస్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, గ్రానైట్ యూనిట్లు, పెద్ద ఆస్పత్రులు. హెచ్‌టీ కనెక్షన్లలో మీటర్ సాధారణంగా 11 కేవీ వైపే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో పోయే ప్రతి యూనిట్‌కూ యజమాని డబ్బు కట్టాల్సిందే. వీళ్లు కూడా కొటేషన్‌లో చివరి అంకె చూసి తక్కువ ధరదే కొనేస్తుంటారు. 50 వేలు ఎక్కువ పెట్టి ఏడాదికి 10 వేలు మిగిలే సరుకు కొంటే ఐదేళ్లలో ఆ డబ్బు వచ్చేస్తుంది. మిగతా ఇరవై ఏళ్లు లాభమే.

కొనేవాళ్లు ఏం చూడాలంటే.. ప్లేట్ మీద ఐఎస్ 1180, ఐఎస్ఐ మార్కు, తయారైన సంవత్సరం, 50 శాతం, 100 శాతం లోడ్ దగ్గర మొత్తం లాస్ ఎన్ని వాట్లు అన్నవి ఉండాలి. నో లోడ్ లాస్ ఎంతో విడిగా అడిగి, టెస్ట్ రిపోర్టులో రాయించుకోండి. సీజన్‌లో మాత్రమే నడిచే మిల్లులకు ఇది మరీ ముఖ్యం. ఎందుకంటే మిల్లు మూసిన నెలల్లోనూ కోర్ మోగుతూనే ఉంటుంది. ఆ నెలల్లో 11 కేవీ వైపు ఆఫ్ చేయించుకుంటే లాస్ ఆగుతుంది. కాకపోతే ఎక్కువ కాలం చల్లగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌లోకి తేమ చేరుతుంది. మళ్లీ ఛార్జ్ చేసే ముందు ఆయిల్ పరీక్ష చేయించాలి. బ్రీదర్‌లో సిలికా జెల్ నీలం రంగు పోయి గులాబీ రంగులోకి మారి ఉంటే అది తేమ పట్టిందని గుర్తు.

వీధిలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ప్లేట్ చదవాలని మాత్రం దగ్గరికి వెళ్లకండి. కంచె బయటి నుంచి ఫోన్‌లో జూమ్ చేసి ఫొటో తీస్తే చాలు, అంకెలు కనిపిస్తాయి.